పసుపు పూసిన గాజుపోగు

పసుపులో చిటికెడు సున్నం కలిపితే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి కెమిస్ట్రీ చదివి ఉండక్కర్లేదు. కొత్త కోడలికి గుమ్మంలో దిష్టి తీసే ఎర్రనీళ్లు, పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి... మన ఇళ్లలో తరతరాలుగా చేస్తున్న ప్రయోగమే ఇది. పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థానికి క్షారం తగిలితే రంగు మారుతుంది. సున్నం క్షారం. సబ్బునీళ్లు క్షారం. తెల్లచొక్కా మీద పడ్డ సాంబారు మరకకు సబ్బు రుద్దితే ఎర్రబడేది అందుకే. సరే, ఇంకో క్షారం కూడా ఉంది. అది ద్రవం కాదు, వాయువు. పేరు అమ్మోనియా.

చిత్తూరు జిల్లావాళ్లకి ఈ పేరు కొత్తేమీ కాదు. ఊరూరా పాలకేంద్రాలున్న జిల్లా ఇది. వానలు లేని ఏడాది కూడా ఇక్కడి ఇళ్లలో పొయ్యి వెలిగిందంటే అది ఆవుల పుణ్యమే. పొద్దున్నే పితికిన పాలు విరిగిపోకూడదంటే త్వరగా 4 డిగ్రీల దాకా చల్లబడాలి. పెద్దపెద్ద డెయిరీల్లో అంత చల్లదనాన్ని ఇచ్చేది అమ్మోనియాయే. చవక, సమర్థం, పైగా ఓజోన్ పొరకు హాని చెయ్యదు. వచ్చిన చిక్కల్లా అది గొట్టంలో ఉన్నంతసేపే మంచిది. 2020 ఆగస్టులో పూతలపట్టు దగ్గర ఒక పాల కర్మాగారంలో అమ్మోనియా లీకైంది. పనిలో ఉన్న మహిళా కార్మికులు పలువురు ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యారు.

గాలిలో పది లక్షల పాళ్లకు 5 పాళ్లు అమ్మోనియా ఉంటే చాలు, చాలామంది ముక్కు పసిగడుతుంది. ఎనిమిది గంటల డ్యూటీ చేసే మనిషికి 25 పాళ్లు దాటకూడదని ఒక లెక్క. 300 పాళ్లయితే ప్రాణాపాయం, వెంటనే బయటికి పరుగెత్తాల్సిందే. మరైతే ముక్కే పెద్ద సెన్సర్ కదా, ఇంకో పరికరం ఎందుకంటారా? ముక్కుకో బలహీనత ఉంది. కాసేపటికి అలవాటు పడిపోతుంది. రోజూ ఆ వాసనలోనే పనిచేసేవాళ్లకి అది 10 పాళ్లు ఉందో 40 ఉందో తెలియదు. "మాకిది మామూలే సార్" అంటారు. ఆ మామూలే ప్రమాదం.

ఈ పని గాజుపోగుకి అప్పజెప్పవచ్చు. గాజుపోగు అంటే మరేదో కాదు, మన వీధి స్తంభాల మీద నల్ల కేబుల్‌లో ఉండే ఆప్టికల్ ఫైబరే. ఇంటర్నెట్టూ, టీవీ చానళ్లూ ఇంటికి మోసుకొచ్చే పోగు. తలవెంట్రుకంత సన్నం. దీనికి రెండు పొరలుంటాయి. లోపలి గాజులో కాంతి కాస్త నెమ్మదిగా వెళుతుంది, బయటి గాజులో కాస్త వేగంగా వెళుతుంది. ఈ తేడావల్లే లోపల ప్రవేశించిన కాంతి గోడకి తగిలినప్పుడల్లా వెనక్కి మళ్లుతూ, ఎన్ని కిలోమీటర్లయినా లోపలే పరుగెడుతుంది. 1954లో మన పంజాబీ శాస్త్రవేత్త నరీందర్ సింగ్ కపానీ లండన్‌లో ఇలాంటి పోగుల కట్ట గుండా బొమ్మను పంపి చూపించారు. 1966లో చార్లెస్ కావ్ ఒక మాట అన్నారు. తప్పు గాజుది కాదు, అందులోని మలినాలది, వాటిని తీసేస్తే టెలిఫోన్ మాటల్ని కాంతితో పంపవచ్చని. నాలుగేళ్లకి, 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ వాళ్లు కిలోమీటరు దూరం వెళ్లాక నూటికి ఒక వంతు కంటే ఎక్కువ కాంతి మిగిలే పోగు తీశారు. అదే అప్పట్లో ఘనకార్యం. ఇవాళ్టి పోగులో కిలోమీటరు తర్వాత నూటికి 95 వంతులు మిగులుతోంది. కావ్‌కి 2009లో నోబెల్ వచ్చింది, కపానీకి రాలేదు. ఆ బాధ మనవాళ్లకి ఇప్పటికీ ఉంది.

టెలిఫోన్ ఇంజనీరుకి ఈ పోగులోంచి కాంతి కారిపోవడమంటే పరమ చిరాకు. సెన్సర్ చేసేవాడికి ఆ కారడమే కావాలి. బయటి పొర ఒలిచేస్తే లోపలి కాంతి గాజు అంచు దాకా వచ్చి, అంచు దాటి రవ్వంత బయటికి తొంగిచూస్తుంది. పిట్టగోడ మీంచి పక్కింట్లో ఏం వండుతున్నారో చూసినట్టు. ఆ చూపు మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. కానీ ఆ అంచున ఒక రంగు పూశామనుకోండి. పసుపు లాంటిదే, అమ్మోనియా తగిలితే రంగు మారేది. బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంగును ఎక్కువగా వాడతారు. మామూలప్పుడు పసుపుపచ్చగా ఉంటుంది, అమ్మోనియా తగిలితే ఊదారంగుకి తిరుగుతుంది. (పసుపులోని కర్కుమిన్‌తోనే ఈ పని చేయించి చూసినవాళ్లూ ఉన్నారు. పేటెంటు మన అమ్మమ్మలకి దక్కాలి!) రంగు మారితే అది మింగే కాంతీ మారుతుంది. అవతలి కొసలో ఉన్న మీటరు ఆ తగ్గుదల చూసి, ఇన్ని పాళ్లు అని చెబుతుంది. గాలి మంచిదైతే రంగు మళ్లీ పసుపుకి వచ్చెయ్యాలి. ఒకసారి మారి అలాగే ఉండిపోయే రంగు అగ్గిపుల్లలాంటిది, ఒక్కసారికే పనికొస్తుంది.

నిజం చెప్పాలంటే అమ్మోనియాను పసిగట్టే ఎలక్ట్రానిక్ పరికరాలు బజారులో దొరుకుతాయి, ఫైబర్‌కంటే చవగ్గానే దొరుకుతాయి. చాలాచోట్ల అవే చాలు. కానీ ఒక సంగతి. అమ్మోనియా రాగిని తినేస్తుంది. తేమా, అమ్మోనియా కలిసిన కంప్రెసర్ గదిలో రాగితీగలకీ, ఇత్తడి బిళ్లలకీ ఆయుష్షు తక్కువ. గాజుకి ఆ బాధ లేదు. పోగులో కరెంటూ లేదు, నిప్పురవ్వ లేచే భయమూ లేదు. మీటరూ, కరెంటూ, మనిషీ అన్నీ దూరంగా ఇంకో గదిలో ఉండొచ్చు. లీకయ్యే చోటికి పోగు ఒక్కటే వెళుతుంది. ఒకే మీటరు నుంచి పది మూలలకి పది పోగులు లాగొచ్చు.

ఇక మామిడి సంగతి. జూన్, జులైల్లో చిత్తూరు నుంచి బంగారుపాళెం, దామలచెరువు దారుల్లో వెళ్లినవాళ్లకి తెలుస్తుంది, గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్ల వరస ఎంత పొడవుంటుందో. 2025 సీజన్‌లో కాయ ధర పడిపోయి ఎంత గొడవయిందో మరిచిపోయేది కాదు. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు. ఆ 8 కూడా చేతికి రాలేదని రైతులు రోడ్డెక్కారు. గుజ్జు కొనే విదేశీ కంపెనీ అడిగే మొదటి ప్రశ్న 'బ్రిక్స్ ఎంత?' తోతాపురి గుజ్జుకి సాధారణంగా కనీసం 14 ఉండాలంటారు. బ్రిక్స్ అంటే ఏమిటి? నూరు గ్రాముల రసంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉందో చెప్పే లెక్క. దాన్ని కొలిచేదీ కాంతే. నీళ్లలో పెట్టిన గరిటె వంగినట్టు కనిపిస్తుంది కదా, తియ్యటి నీళ్లలో ఇంకాస్త ఎక్కువ వంగుతుంది. మంచినీటి వక్రీభవన గుణకం 1.333. నూటికి 14 పాళ్లు చక్కెర కలిపితే 1.354 అవుతుంది. తేడా రెండో దశాంశ స్థానంలో ఉంది. వ్యాపారం మొత్తం ఆ దశాంశం మీదే నడుస్తోంది.

ఫ్యాక్టరీ ల్యాబ్‌లో ఈ పని చేసే రిఫ్రాక్టోమీటరు ఎప్పటినుంచో ఉంది. రెండు చుక్కలు గుజ్జు వేసి కంటితో చూడటమే. ఫైబర్‌తో చేస్తే ఏం లాభం? పారే గొట్టంలోనే పెట్టొచ్చు. పోగును ఇంగ్లీషు 'యు' అక్షరంలా వంచి, బయటి పొర తీసేసి గుజ్జులో ముంచితే, చుట్టూ ఉన్న ద్రవం ఎంత చిక్కగా తియ్యగా ఉంటే కాంతి అంత ఎక్కువ బయటికి జారుకుంటుంది. వంపు దగ్గర అసలే అదుపు తప్పుతున్న కాంతికి ఆ మాత్రం సాకు చాలు. మద్రాసు ఐఐటీలో, బొంబాయి ఐఐటీలో ఇలా వంచిన పోగుల మీద ఏళ్లుగా పని జరుగుతోంది. గాజు బదులు ప్లాస్టిక్ పోగు వాడితే ఖర్చూ తక్కువ, విరగదు కూడా. వరంగల్ నిట్ భౌతికశాస్త్ర విభాగంలోనూ ఫైబర్ సెన్సర్ల పరిశోధన ఉంది. నాకు మాత్రం ఒక ఆశ. ఈ పరికరం ఫ్యాక్టరీ లోపలి గొట్టంలో కాదు, గేటు దగ్గర కాటా పక్కన ఉంటే బాగుణ్ను. రైతు ముందే కాయ కోసి, రసం తీసి, అంకె తెరమీద చూపిస్తే తియ్యటి కాయకీ, పచ్చి కాయకీ ఒకటే ధర ఎందుకని అడిగే హక్కు అతనికి వస్తుంది. కాటా బరువు చూస్తుంది, ఎగుమతి కాగితం తీపి చూస్తుంది. రైతుకి అందేది బరువు లెక్కే.

గాజు గురించి చెబుతూ తిరుపతిని వదిలెయ్యడం న్యాయం కాదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో ఆచార్య సి.కె. జయశంకర్ బృందం ఎన్నో ఏళ్లు పనిచేసింది గాజు మీదే. కిటికీ గాజు కాదు. ఎర్బియం, నియోడిమియం లాంటి అరుదైన మూలకాలను కలిపి పోతపోసిన గాజులు. వీటిలోకి ఒక రంగు కాంతి పంపితే ఇంకో రంగు కాంతి వస్తుంది. సముద్రాల అడుగున వేల కిలోమీటర్లు వెళ్లే కేబుళ్లలో అలసిపోయిన కాంతికి మధ్యమధ్య బలమిచ్చేది ఇలాంటి ఎర్బియం కలిపిన పోగే.

గాజుపోగు పొడవునా ఎక్కడ ఎంత వేడి ఉందో చెప్పే ఉపాయం ఒకటుంది. అది మన రామన్‌ది. 1928 ఫిబ్రవరి 28న సి.వి.రామన్ కనిపెట్టిన ఎఫెక్టు గుర్తుంది కదా, ఏటా ఆ రోజునే సైన్స్ దినోత్సవం చేస్తారు. కాంతి ఒక పదార్థం గుండా వెళ్లేటప్పుడు చాలా కొద్ది భాగం, ఏ కోటిలో ఒక వంతో, రంగు మార్చుకుంటుంది. కంపిస్తున్న అణువుకి కొంత శక్తి ఇచ్చి ఎరుపు వైపు జరుగుతుంది, లేదా అణువు దగ్గర కొంత శక్తి తీసుకుని నీలం వైపు జరుగుతుంది. అప్పు ఇవ్వాలంటే అణువు దగ్గర మిగులుండాలి. వేడిగా ఉన్నచోట ఆ మిగులు ఎక్కువ, నీలం వైపు జరిగే కాంతీ ఎక్కువ. పోగులోకి ఒక్క క్షణం లేజర్ మెరుపు పంపి, వెనక్కొచ్చే ఆ కాస్త కాంతిని కొలిస్తే ఎక్కడ ఎంత వేడో తెలుస్తుంది. ఎక్కడ అన్నది ఎలా తెలుస్తుందంటే, గాజులో కాంతి సెకనుకి 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. మీటరు దూరం పోయి రావడానికి సెకనులో పది కోట్లవ వంతు. గడియారం ఉంటే చాలు. 1980లలో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో దీన్ని పనిముట్టుగా మలిచారు. రామన్ ఎఫెక్టు తొలి రోజుల్లో కలకత్తాలో ఆయన పక్కన పనిచేసినవారిలో మన తెలుగాయన ఉన్నారు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం. ఆ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీలో ఆచార్యుడయ్యారు, బెంగళూరు ఐఐఎస్సీకి డైరెక్టరూ అయ్యారు.

ఇదంతా పాఠం చెప్పడానికి కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చింది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరుగెత్తారు. రోడ్ల మీదే పడిపోయారు. 12 మంది పోయారు. స్టైరీన్‌కి ఒక గుణం ఉంది. వేడెక్కితే తనలో తానే గట్టిపడటం మొదలుపెడుతుంది, గట్టిపడుతూ ఇంకా వేడెక్కుతుంది. అంటే మొదటి రెండు మూడు డిగ్రీల దగ్గరే పట్టుకోవాలి. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదికలో ఒక విషయం ఉంది. ఆ పెద్ద ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. మధ్యలోనూ, పైనా లేదు. అడుగున అంకె బాగానే కనిపిస్తుంటే పైపొరలు ఉడికిపోయాయి. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి అడుగు మెతుకూ, పైమెతుకూ రెండూ పట్టి చూసే ఇల్లాలికున్న పాటి ఇంగితం అంత పెద్ద ట్యాంకు కట్టినవాళ్లకి లేకపోయింది. పైనుంచి కిందిదాకా ఒక్క పోగు వేలాడదీస్తే మీటరు మీటరుకీ వేడి తెలిసేది. ఫైబర్ దాకా ఎందుకు, మామూలు థర్మామీటర్లు ఇంకో రెండు పెట్టినా తెలిసేది. రామన్ చిన్నప్పుడు చదువుకున్న ఊరు కూడా విశాఖపట్నమే.

పోగు లేకుండా ఇదే గడియారం ఉపాయాన్ని ఆకాశానికి వాడే చోటు మన పక్కనే ఉంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లేదారిలో, కొండల మధ్య గాదంకి. జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉన్నది అక్కడే. బస్సు కిటికీలోంచి టోల్‌గేటు కనిపిస్తుంది గానీ ఇది కనిపించదు. పాత టీవీ యాంటెన్నాల్లాంటివి 1024 నేలమీద పాతి, గాలి ఏ ఎత్తులో ఎటు వీస్తోందో చూసే ఎం.ఎస్.టి. రాడార్ ఇక్కడుంది. 1998లో జపాన్ సహకారంతో లైడార్ వచ్చింది. రాత్రిపూట ఆకుపచ్చని లేజర్ కాంతిని నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపుతుంది. దుమ్ముకణాల నుంచి, సన్నటి మేఘాల నుంచి తిరిగొచ్చే మినుకును దూరదర్శిని పట్టుకుంటుంది. సెకనులో పది లక్షల వంతు ఆలస్యమైతే 150 మీటర్ల ఎత్తు. ఎక్కడో అగ్నిపర్వతం పేలి బూడిద పైకెగిరినా, మన వంటపొయ్యిల పొగ పైకి చేరినా ఈ వెలుగుకి దొరికిపోతుంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల పిల్లలు సైన్స్ దినోత్సవం రోజున చూడాల్సిన చోటు ఇది. మాస్టార్లు విహారయాత్ర అనగానే ఊటీ అంటారు!

కిందికి దిగి సముద్రం వైపు వస్తే, వాకాడు, కోట, చిల్లకూరు దిక్కున రొయ్యల చెరువులున్నాయి. రాత్రంతా నాచూ, రొయ్యా కలిసి నీళ్లలోని ఆక్సిజన్ వాడుకుంటాయి. తెల్లారగట్ల నాలుగింటికి అది అట్టడుక్కి చేరుతుంది. ఆ టైములో ఏరియేటర్ తిరగకపోతే పొద్దున్నే రైతు చూసేది తేలిన రొయ్యల్నే. ఇక్కడ మాత్రం కాంతి కొలత నిజంగా చెరువుగట్టు దాకా వచ్చేసింది. నీలికాంతి తగిలితే ఎర్రగా మెరిసే ఒక రంగుపూత ఉంటుంది. ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే మెరుపు అంత త్వరగా ఆరిపోతుంది. ఆరిపోయే వేళను కొలిస్తే సరి. పాతరకం మీటర్లలా పొర మార్చడం, ద్రావణం నింపడం ఉండదు. నాచు పట్టకుండా తుడుస్తుంటే చాలు.

మరి ఫ్లోరైడ్? మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, ఒకటిన్నర దాటితే తాగకూడదన్న లెక్క ఏనాటిదో. దాన్ని కూడా ఫైబర్‌తో కొలిచే మార్గాలున్నాయి. కానీ ఈ విషయంలో నాకు ఉత్సాహం తక్కువ. బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఊళ్లకి ముందే తెలుసు. వాళ్లకి కావలసింది మీటరు కాదు, మంచినీళ్లు.

ఇంత గొప్పదైతే ఫైబర్ సెన్సర్ ప్రతి ఫ్యాక్టరీలోనూ ఎందుకు లేదని అడగొచ్చు. రంగుపూతే దాని ప్రాణం, రంగుపూతే దాని జబ్బు. రాత్రింబవళ్లు వెలుగు తగిలి వెలిసిపోతుంది. తేమకి ఉబ్బుతుంది. అమ్మోనియాకి రంగు మారేది, ఇంకో క్షారపు ఆవిరికీ మారుతుంది. నెలకోసారి తెలిసిన మోతాదు వాయువు చూపించి సరిచూసుకోవాలి, కొన్నాళ్లకి కొస మార్చాలి. ఆ పని చేసే మనిషిని పెట్టుకోని చోట ఎంత ఖరీదైన సెన్సరైనా గోడకి తగిలించిన క్యాలెండరే. కాలుష్యం ఎక్కువుండే 17 రకాల పరిశ్రమలు తమ పొగనీ, మురుగునీటినీ నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టుకోవాలని 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. ఆ అంకెలు మండలికి చేరతాయి. ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని ఉన్న ఊళ్లో వాళ్లకి కూడా గేటు దగ్గర ఒక బోర్డు మీద, తెలుగులో కనిపిస్తే పోయేదేముంది?

పిల్లలున్న ఇళ్లలో ఈ ఆదివారం ఒక పని చేసి చూడండి. పాత ప్లాస్టిక్ నీళ్లసీసాకి అడుగునుంచి నాలుగు వేళ్ల ఎత్తులో చిన్న చిల్లు పెట్టి, వేలితో మూసి నీళ్లు నింపండి. గదిలో లైటు ఆర్పి, సీసాకి ఇవతలి వైపు నుంచి సరిగ్గా ఆ చిల్లుకి ఎదురుగా లేజర్ టార్చి పెట్టండి. కళ్లలోకి మాత్రం కొట్టకూడదు. వేలు తీస్తే నీటిధార వంగి బకెట్‌లో పడుతుంది, వెలుగు కూడా ధారతోపాటే వంగి బకెట్‌లోకి దిగుతుంది. స్విట్జర్లాండ్‌కి చెందిన కొలడాన్ అనే ఆయన 1841లో జెనీవాలో జనానికి చూపించిన వింత ఇదే. ధార మధ్యలో వేలు పెట్టి చూడమనండి. వెలుగు అక్కడే బయటికి చిమ్ముతుంది.